లోభం మీద రాసిన పద్యం గోడమీది సూక్తిలా ఎందుకు తేలిపోతుంది?

తెరువరి:
డబ్బు బలం, లోభం మీద ఒక ఆటవెలది కట్టాను. గణాలు సరిపోయాయనే నమ్మకం. చదివితే మాత్రం బడిగోడ మీద రాసిన సూక్తిలా ఉంది. ఇదే మాట పాత కవులు చెబితే వందల ఏళ్లు నోళ్లలో నానుతోంది. తేడా ఎక్కడుందో మొహమాటం లేకుండా చెప్పండి.

డబ్బు ఉన్నవాడె దైవము ఈనాడు
మంచితనము లేదు మనిషిలోన
కూడబెట్టి చివర కూడును తినలేడు
ఆశ చెడ్డదోయి అన్నలార

గణవిభజన:
ముందు ఛందస్సు సంగతి. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, వాటికంటే పెద్దవైన ఇంద్రగణాలు రెండు. 2, 4 పాదాలకు అయిదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే: న (III), గల (UI). I అంటే లఘువు, U అంటే గురువు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పలుకు కలవడం, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాసతో, అంటే పాదాలన్నిట్లో రెండో అక్షరం కలవడంతో, పని లేదు.

మొదటి పాదంలో మూడు దెబ్బలు తగిలాయి. ‘డబ్బు ఉన్న’ అని విడిగా రాశారు గానీ ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. ‘డబ్బున్న’ అయ్యేసరికి UUI, అది సూర్యగణం కాదు. ‘దైవము ఈనాడు’ కూడా ‘దైవమీనాడు’ అయిపోతుంది. అప్పుడు UIU, UI. చివరి ఇంద్రగణం కుంటుపడింది. ఇక యతి: ‘డ’కు ‘దై’తో. అచ్చులు కలుస్తాయి, హల్లులు కలవవు. ఒకటి ట-వర్గం, ఇంకోటి త-వర్గం.

మిగతా మూడు పాదాలూ నడుస్తాయి. మూడోది బాగుంది కూడా. ‘కూడ’, ‘కూడు’ యతిస్థానంలోనే ఎదురుపడ్డాయి.

నల్లసిరా:
గణాలు దిద్దినా ఈ పద్యం బతకదు. నాలుగు పాదాల్లో నాలుగు విషయాలు. మొదటిది ధనబలం, రెండోది కాలం చెడిపోయిందన్న వగపు, మూడోది పిసినారితనం, నాలుగోది ఉపదేశం. మనం మాటల్లో కలిపేస్తాం గానీ పద్యంలో ఇవి వేర్వేరు. లోభి ఉన్నది ఇవ్వడు. ఆశపోతుకు ఉన్నది చాలదు. ధనబలం ఈ ఇద్దరి గురించీ కాదు, చుట్టూ ఉన్నవాళ్లు డబ్బు ముందు ఎలా వంగుతారన్నది. వేమన లోభిని పట్టుకుంటే లోభినే పట్టుకుంటాడు:

లోభివాని జంప లోకంబులోపల
మందు వలదు వేరె మతము గలదు
పైకమడుగ చాలు భగ్గున పడిచచ్చు
విశ్వదాభిరామ వినురవేమ

ఇందులో ‘లోభం తప్పు’ అన్న మాటే లేదు. హత్యకు ఉపాయం చెబుతున్నట్టు మొదలుపెట్టి, మందక్కర్లేదని ఊరించి, మూడో పాదంలో పైకం అడగమంటాడు. హాస్యకథ చెప్పే పద్ధతి ఇది. ‘ధనము’ అనకుండా ‘పైకము’ అనడం కూడా చూడండి. పైకం అంటే చేతులు మారే డబ్బు, అడిగేదీ ఇచ్చేదీ. ‘సిరి యడుగ చాలు’ అంటే నవ్వు రాదు.

వ్యాకర్త:
దాని పక్కనే ఇంకోటి పెట్టి క్రియలు లెక్కపెట్టండి.

ధనము కూడబెట్టి దానంబు చేయక
తాను తినక లెస్స దాచుకొనుచు
తేనెటీగ గూర్చి తెరువరి కీయదా
విశ్వదాభిరామ వినురవేమ

(తెరువరి అంటే బాటసారి. తెరువరి గారూ, మీ పేరు ఇక్కడిదేనా?)

లోభికి దక్కిన క్రియలు: కూడబెట్టి, చేయక, తినక, దాచుకొనుచు. నాలుగూ అసమాపకాలే. వాక్యం ముగించే హక్కు అతనికి లేదు. ముగించే క్రియ ‘ఈయదా’ తేనెటీగది. కర్తగా లోభి పేరు కూడా పద్యంలో రాలేదు. అతని బతుకు ఎలా అసంపూర్తిగా ఉందో వ్యాకరణం కూడా అలాగే ఉంది. మీ పద్యంలో ‘లేదు’, ‘తినలేడు’, ‘చెడ్డది’ అని పాదానికో తీర్పు పడింది. తీర్పు పడ్డాక పాఠకుడికి చేయడానికేం మిగల్లేదు.

చాటువు:
వ్యాకర్త గారి లెక్క బాగుంది. అది కవి కావాలని చేశాడా, ఆటవెలదిలో చిన్న గణాలకు అసమాపకాలు సులువుగా అమరుతాయి కాబట్టి పడిపోయిందా అన్నది వేరే మాట. వేమన పద్యాలు చాలాకాలం నోటి మీద నడిచాయి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించే నాటికే ప్రతికో పాఠం. ఒక్కో మాట మీద మరీ బరువు పెట్టకండి.

వ్యాకర్త:
ఒప్పుకుంటాను. కానీ నోటి మీద నడిచిన పద్యంలో నిలిచిన మాట నాలుగు నాలుకల పరీక్ష దాటిన మాట. అది కవిదైనా కాకున్నా రాయడం నేర్చుకునేవాడికి పనికొస్తుంది.

తెరువరి:
యతి, సంధి అర్థమయ్యాయి. లోభిని వదిలి ధనబలం మీదే రాద్దామనుకుంటే ఎవర్ని చూడాలి?

చాటువు:
భర్తృహరి నీతిశతకంలో ‘యస్యాస్తి విత్తం స నరః కులీనః’ శ్లోకం. డబ్బున్నవాడే కులీనుడు, వాడే పండితుడు, వాడే శ్రుతవంతుడు, గుణజ్ఞుడు, వాడే వక్త, వాడే అందగాడు. గుణాలన్నీ బంగారాన్నే ఆశ్రయిస్తాయి. ‘స... స... స...’ అంటూ పొగడ్తల జాబితాలా నడుస్తుంది. వెటకారం ఒక్క మాటలోనూ లేదు, జాబితా పొడుగులో ఉంది. పండితుడు, గుణజ్ఞుడు దాకా సర్దుకుంటాం. ‘చూడ్డానికి కూడా వాడే బాగుంటాడు’ అనేసరికి నవ్వొస్తుంది. దీన్ని విడిగా తీసి డబ్బు సంపాదించమనే ప్రోత్సాహవాక్యంగా వాడటం చూస్తుంటాం. అదే శతకంలో ‘దానం భోగో నాశః’ ఉందని మరిచిపోతారు. ఏనుగు లక్ష్మణకవి తెనుగు చూడండి:

దానము భోగము నాశము
పూనికతో మూడు గతులు భువి ధనమునకుం
దానము భోగము నెరుగని
దీనుని ధనమునకు గతి తృతీయమె పొసగున్

మూడో గతికి ‘నాశము’ అని పేరుంది. చివర మాత్రం ఆ పేరు చెప్పడు, ‘తృతీయమె’ అంటాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని నాశం దగ్గర ఆగే పని పాఠకుడిది. అన్నట్టు డబ్బులో మునిగితేలేవాణ్ని ‘దీనుడు’ అన్నది కూడా ఊరికే కాదు. ‘దీ’కి ‘తీ’తో యతి కుదిరింది, అర్థమూ తిరగబడింది.

కందపుదుంప:
ధనబలానికి సుమతి శతకాన్ని మించిన పాఠశాల లేదు. కందంలో ప్రాస ఏం చేస్తుందో ఇక్కడ కళ్లకు కడుతుంది.

ఎప్పుడు సంపద కలిగిన
నప్పుడు బంధువులు వత్తు రది యెట్లన్నన్
దెప్పలుగ చెరువు నిండిన
గప్పలు పదివేలు చేరు గదరా సుమతీ

మొదటి మాట ‘ఎప్పుడు’. దాంతో ప్రాస ‘ప్ప’ అయింది. ఇక మిగతా మూడు పాదాల్లో రెండో అక్షరం ‘ప్ప’ కావాల్సిందే. ‘అప్పుడు’ సులువుగా వచ్చింది. మిగిలినవి: అప్పు, ముప్పు, తప్పు, కుప్ప, ఉప్పు, తెప్ప, కప్ప. వీటిలోంచి తెప్పను, కప్పను ఏరుకున్నాక చెరువు దానంతటదే వచ్చినట్టుంది. ఉపమానం ముందు తట్టి తర్వాత ప్రాస కుదిరిందో, ప్రాసే కప్పను పిలిచిందో ఎవరూ చెప్పలేరు. రాసేవాళ్లకు రెండో దారే సులువు. డబ్బు మీద కందం రాయాలంటే భావంతో మొదలెట్టకండి. ‘ప్ప’, ‘మ్ము’, ‘క్క’ లాంటి ప్రాస ఒకటి తీసుకుని ఇరవై మాటలు రాసుకోండి. వాటిలో రెండైనా కంటికి కనపడే వస్తువులు ఉండాలి. లేకపోతే ప్రాస మార్చండి.

ఇదే శతకంలో ‘అప్పుగొని సేయు విభవము’ పద్యానిదీ ‘ప్ప’ ప్రాసే. అప్పు, ముప్పు, తప్పు అన్నీ దిగాయి, వస్తువు ఒక్కటీ లేదు. తెలివైన జాబితాగా మిగిలింది. కప్పల పద్యమంత తొందరగా నాలుక మీదికి రాదు.

తెరువరి:
అదే శతకంలో ‘సిరి దా వచ్చిన వచ్చును’ పద్యంలో ప్రాస తప్పిందేమో? సిరి, సలలితముగ, సిరి, కరి. ‘ర’ మధ్యలో ‘ల’ దూరింది.

గణవిభజన:
తప్పు కాదు. ర-లలకు అభేదం చెప్పి ప్రాసమైత్రి చేయడం పాత అలవాటే. మీరు మాత్రం ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి, దిద్దేవాళ్లంతా ముందు అక్కడే ఎర్రగీత పెడతారు.

మందారం:
ఆ పద్యంలో అసలు తగువు ‘కరి మ్రింగిన వెలగపండు’. సిరి వచ్చేటప్పుడు కొబ్బరికాయలోకి నీరు చేరినట్టు వస్తుంది, పోయేటప్పుడు కరి మింగిన వెలగపండులా పోతుంది. ఏనుగు మింగిన వెలగపండు డొల్ల పగలకుండానే గుజ్జు పోయి బయటపడుతుందని ఒక వివరణ. కరి అంటే ఇక్కడ ఏనుగు కాదు, కాయను లోపల్నుంచి తినేసే పురుగు అని ఇంకొకటి. సంస్కృత సుభాషితంలో ‘గజభుక్తకపిత్థవత్’ అని ఉంది కాబట్టి తగువు అక్కడిదే, ఇక్కడికి నడిచొచ్చింది.

కందపుదుంప:
పురుగంటేనే బాగుంది. ఏనుగు మింగితే పది మందీ చూస్తారు. కొబ్బరినీరు ఎవరూ చూడకుండా వచ్చినప్పుడు పోవడమూ ఎవరూ చూడకుండానే పోవాలి కదా.

మందారం:
నాకైతే ఏనుగే కావాలి. రాక చప్పుడు లేకుండా, పోక ఏనుగంత. పైగా ఏనుగు లక్ష్మికి అటూ ఇటూ నిలబడే జంతువు. సిరిని తెచ్చే ఏనుగే మింగేసిందనుకుంటే పద్యం ఇంకో మెట్టెక్కుతుంది. ఇది నా చదువు మాత్రమే, వ్యాఖ్యాతల మాట కాదు. రెండిట్లో దేన్ని తీసుకున్నా ఒకటి మారదు: పైడొల్ల చెక్కుచెదరలేదు. సంపద పోయినవాడి ఇల్లు బయటికి అలాగే నిలబడి ఉంటుంది.

మందారం:
పోతనను ఎవరూ ఎత్తలేదేం? అష్టమస్కంధం వామనచరిత్రలో ఆశ మీద మూడు పద్యాలు వినాలి. ‘కారే రాజులు’ అందరికీ వచ్చు:

కారే రాజులు రాజ్యముల్ గలుగవే గర్వోన్నతిం బొందరే
వారేరీ సిరి మూటగట్టుకొని పోవంజాలిరే భూమిపై
పేరైనం గలదే శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు వారలన్ మరచిరే యిక్కాలమున్ భార్గవా

నాలుగు పాదాల్లో ఎనిమిది ప్రశ్నలు. కారే, కలుగవే, పొందరే, ఏరీ, చాలిరే, కలదే, ఈరే, మరచిరే. శార్దూలం నడకలో సంస్కృత సమాసాలు బారులు తీరతాయనుకుంటాం. ఇక్కడ నడిమధ్యన ‘మూటగట్టుకొని’ అన్న ఇంటిమాట కూర్చుంది. ‘పోయేటప్పుడు మూటగట్టుకుపోతామా’ అని ఇవాళ్టికీ అంటున్నాం. పైగా ఈ మాట అంటున్నది బైరాగి కాదు, మూడు లోకాలూ చేతిలో ఉన్న బలి. ఇస్తే అంతా పోతుందని హెచ్చరించిన గురువుకు జవాబిది. అదే మాట ఏమీ లేనివాడు అంటే ఈసడింపులా ఉండేది.

రెండోది వామనుడి కందం:

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైన పదివేలనుచుం
దృప్తిం జెందని మనుజుడు
సప్తద్వీపముల నయిన జక్కంబడునే

విడిగా తీస్తే తృప్తి మీద నీతిపద్యం. కథలో పెడితే, ఇది చెప్పిన నోరే కాసేపటికి రెండడుగుల్లో లోకాలన్నీ కొలిచేసుకుంటుంది. నీతిపద్యాల పుస్తకాల్లో సందర్భం కోసేసి అచ్చేయడంతో ఈ చమత్కారం పోతోంది.

మూడోదీ వామనుడిదే, ‘ఆశాపాశము తా గడున్ నిడుపు’. వైన్యుడు, గయుడు సముద్రం చుట్టిన భూమినంతా ఏలారు. అయినా ‘నిజాశాంతంబులం జూచిరే’ అంటాడు. ఆశ అంటే కోరిక, దిక్కు కూడా. దిక్కుల అంతం చూసినవాళ్లు ఆశ అంతం చూడలేకపోయారని రెండూ వినిపిస్తాయి. శ్లేష అంటే ఇలా జేబులో పెట్టుకున్నట్టుండాలి, చేతిలో పట్టుకుని ఊపకూడదు.

నల్లసిరా:
బలి, గయుడు... అంతా రాజులే. ఆశ పడేది రాజులేనా? ధూర్జటి కిందికి దిగాడు. కాళహస్తీశ్వర శతకంలో ఇది చూడండి:

జాతుల్ సెప్పుట సేవ సేయుట మృషల్ సంధించు టన్యాయవి
ఖ్యాతిన్ బొందుట కొండెకాడవుట హింసారంభకుండౌట మి
థ్యాతాత్పర్యము లాడుటన్నియు పరద్రవ్యంబు నాశించి యా
శ్రీ తా నెన్నియుగంబు లుండగలదో శ్రీకాళహస్తీశ్వరా

ఏడు పనులు, ఏడూ ‘ట’తో ముగుస్తాయి. జాతకాలు చెప్పడం, కొలువు చేయడం, అబద్ధాలు అల్లడం, అన్యాయంగా పేరు కొట్టేయడం, చాడీలు, హింస, బూటకపు మాటలు. ఇవన్నీ లోభి పనులు కావు, డబ్బున్నచోట తిరిగేవాళ్ల పనులు. ధనబలం కనపడేది డబ్బున్నవాడి మొహంలో కాదు, వాడి చుట్టూ ఉన్నవాళ్ల ఒంటి వంపులో. తెరువరి గారి మొదటి పాదం ‘డబ్బున్నవాడె దైవము’ అంది. భక్తుల్ని చూపించి ఉంటే దైవం అన్న మాటే అక్కర్లేకపోయేది.

గణవిభజన:
రెండో పాదం యతి చూశారా? ‘ఖ్యా’కు ‘సా’తో కుదరదనిపిస్తుంది. ‘హింస + ఆరంభకుండు’ అని విడదీస్తే అక్కడున్నది ‘ఆ’. ‘ఖ్యా’లోని యకారానికి అకారంతో మైత్రి ఉంది. దిద్దేముందు సంధి విడదీసి చూడాలని ఇందుకే అంటాను.

చాటువు:
పద్యాలు దాటి ఒక్క మాట. గురజాడ పూర్ణమ్మ కథలో తల్లిదండ్రులు ‘కాసుకు లోనై’ కూతుర్ని ముసలివాడికి కట్టబెడతారు. పిల్లకు కవి పెట్టిన బిరుదు ‘పుత్తడిబొమ్మ’. పుత్తడి అంటే బంగారం. బంగారాన్ని కాసుకు మార్చుకున్నారని ఎక్కడా వివరించడు, రెండు మాటలూ ఒకే పాటలో ఉంచి ఊరుకుంటాడు. ఇక 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానంలో శ్రీశ్రీ తాజమహల్‌కు రాళ్లెత్తిన కూలీలెవ్వరని అడిగాడు. పోతన బలి ‘వారేరీ’ అన్నది రాజుల కోసం. ప్రశ్న ఆకారం అదే, వెతికే మనుషులు మారారు.

కందపుదుంప:
రాసేవాళ్ల కోసం డబ్బు మాటల తూకం ఒకచోట పెడుతున్నాను. సొమ్ము, డబ్బు, కాసు: గల, సూర్యగణానికి నేరుగా సరిపోతాయి. ధనము, కలిమి: న, ఇవీ సూర్యగణాలే. పైకము, రొక్కము, సంపద, విత్తము: భ (UII), ఇంద్రగణం. సిరి: రెండు లఘువులే, పక్క అక్షరాన్ని కలుపుకోవాలి. తూకం కుదిరిందని రంగు మరవకండి. సిరి వస్తుంది, పోతుంది. సొమ్ము ఉంటుంది, దాస్తారు. కలిమి అనగానే లేమి వెంట వస్తుంది. రొక్కం చేతిలో కనపడుతుంది. సిరిని లెక్కపెట్టించినా, రొక్కంతో అలిగించినా పద్యం నవ్వులపాలే.

తెరువరి:
లోభి దగ్గరికే తిరిగొచ్చాను. ఒకే విషయం, ఒకే వస్తువు. వస్తువు తాళం.

తాళ మొకటి వేసి తాళాల గది కొక్క
తాళ మింక వేసి దాచె సొమ్ము
చెవుల గుత్తి మోసి చెరసాల కావలై
కన్ను మూసె ధనము కాచె నతడు

గణవిభజన:
గణాలు సరి. యతులు: తా-తా, తా-దా, చె-చె, క-కా. అన్నీ కుదిరాయి. ‘గదికి ఒక్క’, ‘తాళము ఇంక’ సంధులు కూడా చేసేశారు. మూడు తాళాలు దగ్గరదగ్గరగా పడ్డాయి, విషయం తాళం కాబట్టి నడుస్తుంది.

నల్లసిరా:
నాలుగో పాదంలో ప్రమాదం ఉంది. ‘కన్ను మూసె’ అంటే తెలుగులో చనిపోవడం. డబ్బు చచ్చిపోయిందా, నిద్రపోయిందా? ముందు చావే వినపడుతుంది, నిద్ర తర్వాతెప్పుడో. పైన ‘సొమ్ము’ దాచి కింద ‘ధనము’ నిద్రపోవడం కూడా బాగాలేదు. దాచింది ఏదో నిద్రపోయిందీ అదే కావాలి.

తెరువరి:
‘నిదురపోయె సొమ్ము నిలిచె నతడు’ అంటే?

గణవిభజన:
న, గల, గల, న, న. యతి ని-ని. సరిపోయింది.

వ్యాకర్త:
ఇంకొక్క అక్షరం. రెండో పాదంలో ‘దాచె’ను ‘దాచి’ చేయండి, అదీ గలమే. ఇప్పుడు మొదటి మూడు పాదాల్లో మీవాడికి వేసి, వేసి, దాచి, మోసి, ‘కావలై’లోని ఐ తప్ప వేరే క్రియ లేదు. మొదటి సమాపకక్రియ సొమ్ముకు దక్కింది, అతనిది దాని తర్వాతే.

తాళ మొకటి వేసి తాళాల గది కొక్క
తాళ మింక వేసి దాచి సొమ్ము
చెవుల గుత్తి మోసి చెరసాల కావలై
నిదురపోయె సొమ్ము నిలిచె నతడు

కందపుదుంప:
‘చెవుల గుత్తి’ విడిగా వింటే మనిషి చెవులు తగులుతున్నాయి. మొదటి పాదంలో తాళం ఉంది కాబట్టి అర్థం అటు లాగుతుందనుకోండి. అయినా ఒకసారి గట్టిగా చదివించి, వినేవాడు ఆ మాట దగ్గర ఆగుతాడో లేదో చూసుకోండి.